వేట మానేసి కోడి తినమన్నారు: శ్రీకాకుళం జిల్లాలో ఒక ఇంటి కేసు

2024 జూన్ రెండో వారంలో ఒకావిడ నా దగ్గరకు వచ్చారు. వయసు 51. నరసన్నపేట వైపు పల్లె. చేతిలో మందుల చీటీ, ప్లాస్టిక్ కవర్లో పాత రిపోర్టులు. కొడుకు బైక్ మీద దించి బయట నిలబడ్డాడు. కూర్చోగానే ఆవిడ అన్న మొదటి మాట ఇది:

"డాక్టరు బాబు వేట మానీమన్నారు మేడమ్, కోడి తినమన్నారు. నానేమో కోడే తిన్లేకపోతన్నాను. ఏటి తినాలో మీరే సెప్పండి."

వేట అంటే మా వైపు మేకమాంసం. నీచు మానేస్తామని నా దగ్గరకు చాలామంది వస్తారు. కొలెస్ట్రాల్ వచ్చిందనో, మొక్కు ఉందనో, మాల వేసుకున్నామనో అంటారు. జంతువు పడే బాధ చూడలేక వచ్చానని చెప్పేవాళ్లు తక్కువ. అలా వచ్చినవాళ్లతో ఆహార సలహాలిచ్చే మా వృత్తిలో చాలామంది "అవన్నీ మనసులో పెట్టుకోకండి, బలం కావాలి కదా, తినండి" అని పంపేస్తారు. నేనూ మొదట్లో అలాగే పంపాను. ఇప్పుడు పంపను. మనిషి ఒక తిండి ఎందుకు వదులుకుంటున్నారో అడిగి తెలుసుకోకపోతే, దాని బదులు ఏం పెట్టాలో కూడా తెలియదు. ఈ కేసులో నాకు అది బాగా తెలిసొచ్చింది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఏం జరిగింది

ఆవిడ తమ్ముడికి ఊరి చివర బ్రాయిలర్ షెడ్డు ఉంది. ఇంటిగ్రేషన్ పద్ధతి. పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊక, చాకిరీ రైతువి. కోళ్లు ఎదిగాక కంపెనీ లారీ వచ్చి ఎత్తుకుపోతుంది, కిలోకి ఇంత అని పెంపకం కూలి ఇస్తుంది. ఆ బ్యాచ్‌లో 4,000 కోళ్లు, వయసు 36 రోజులు. మే నెలాఖరున ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, నీళ్లు చిమ్మే ఫాగర్లు ఆగాయి. జనరేటర్ లేదు.

కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడి పోవాలంటే నోరు తెరిచి రొప్పడమే దాని దారి. గాలి పొడిగా ఉంటే ఆ దారి కొంత పనిచేస్తుంది. మన సముద్రపు ఒడ్డు ఉక్కలో అదీ పనిచేయదు. పైగా బ్రాయిలర్ ఒళ్లు చిన్న పొయ్యి లాంటిది. వేగంగా ఎదిగే ఒళ్లు వేగంగా వేడి పుట్టిస్తుంది, లారీకి ఎత్తే రోజు దగ్గరపడ్డ పెద్ద కోళ్లయితే మరీను. ఆవిడ, మరదలు, ఇద్దరు కూలీలు బిందెలతో నీళ్లు మోసి కోళ్ల మీద చిలకరించారు. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, ముక్కులు తెరుచుకుని, గోడవారకి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయట. ఆవిడ ఒకదాన్ని తీసి ఒళ్లో పెట్టుకుని చెంగు తడిపి తల తుడిచారు.

"సల్లబడతాది అనుకున్నాను. నా సేతిలోనే మెడ వాల్చీసింది."

సాయంత్రానికి ఆరువందలకు పైగా పోయాయి. గొయ్యి తవ్వి సున్నం చల్లి పూడ్చారు. మిగిలినవాటికి నాలుగు రోజుల తర్వాత రాత్రిపూట లారీ వచ్చింది. పట్టేవాళ్లు చీకట్లో ఒక్కో చేత్తో నాలుగేసి, ఐదేసి కోళ్లను కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తి క్రేట్లలో వేస్తారు. ఆవిడ చిన్నప్పటి నుంచి కోడిని కోయడం చూసినవారే. పండగకి స్వయంగా బొచ్చు పీకినవారే. చావుని చూసి భయపడే మనిషి కాదు. ఆ రాత్రి చూసింది చావు కాదని ఆవిడ నాకు స్పష్టంగా చెప్పారు. "అవి బతికిన బతుకే అలాటిది మేడమ్" అన్నారు. ఆ మాట నేను కేసు షీటులో వచ్చిన కారణం అనే గడిలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

పరీక్షలు

తొమ్మిదేళ్లుగా మధుమేహం. మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 1 మిల్లీగ్రాము పొద్దున్న. బరువు 58 కిలోలు. మూడు నెలల సగటు చక్కెర 7.6 శాతం. చెడ్డ కొలెస్ట్రాల్ 138. ఆ కొలెస్ట్రాల్ చూసే వైద్యులు వేటమాంసం మానమన్నారు. ఆ సలహా తప్పు కాదు, మేకమాంసంలో గడ్డకట్టే కొవ్వు ఎక్కువే. కాకపోతే దానికి బదులుగా కోడి ఒక్కటే కనబడటం మనందరికీ అలవాటైపోయింది.

కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష లేదు, రాయించి చేయించాను. శ్రీకాకుళంలో పనిచేసేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లకి, అక్కడ చుట్టాలున్నవాళ్లకి కిడ్నీ చూడకుండా మాంసకృత్తులు పెంచమని గానీ తగ్గించమని గానీ చెప్పకూడదు. కిడ్నీ జబ్బుతో అల్లాడే ఆ ఉద్దానం ప్రాంతం మనకి అంత నేర్పింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారంటే ఊరికే తెరవలేదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఉలవలు, పప్పులు, ఆకుకూరలు ఇష్టమొచ్చినట్టు పెంచితే పొటాషియం, ఫాస్ఫరస్ ఒంట్లో పేరుకుపోతాయి. అదృష్టం, ఈవిడది 0.8, మూత్రంలో ఆల్బుమిన్ లేదు.

హిమోగ్లోబిన్ 10.9. గర్భం లేని ఆడవాళ్లకి 12 లోపు ఉంటే రక్తహీనతే.

అరికాళ్లలో తిమ్మిర్లు, రాత్రిళ్లు చీమలు పాకినట్టు ఉంటుందని మాటల్లో చెప్పారు. షుగరు వల్లేనని అందరూ అన్నారట. నేను బీ12 చూపించమన్నాను. 178 వచ్చింది. 200 లోపు ఉంటే లోపం కిందే లెక్క.

ఇక్కడ ఆగాలి. ఈవిడ కోడి మానేసి అప్పటికి రెండు వారాలైంది. బీ12 లోపం రెండు వారాల్లో రాదు. ఒంటికి సరిపడా నిల్వ కాలేయంలో ఏళ్ల తరబడి ఉంటుంది. అంటే వారానికి మూడుసార్లు కోడి, ఒకసారి చేప తింటూనే ఆవిడకి లోపం వచ్చింది. కారణం ఏళ్ల తరబడి వాడిన మెట్‌ఫార్మిన్ అయ్యుండొచ్చు, అది పేగుల్లో బీ12 సరిగా ఒంటబట్టనివ్వదు. ఆ పరీక్ష ఇప్పుడు కాక ఆరు నెలల తర్వాత చేసుంటే ఇంటిల్లిపాదీ, నేను కూడా, "కోడి మానేసింది కాబట్టి నరాలు దెబ్బతిన్నాయి" అని తేల్చేసేవాళ్లం. మాంసం తగ్గిస్తామని ఎవరొచ్చినా తగ్గించకముందే బీ12, హిమోగ్లోబిన్ చూసి కాగితం మీద పెట్టుకోవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే. వైద్యులతో ఫోన్లో మాట్లాడాను. ఆయన బీ12 మాత్రలు రాశారు, మెట్‌ఫార్మిన్ ఆపలేదు. ఆపక్కర్లేదు కూడా.

ఆ రెండు వారాల్లో ఏం తిన్నారు

రోజువారీ తిండి రాయించాను. అన్నం మూడు పూటలా, రోజుకి దాదాపు 350 గ్రాముల బియ్యం. పప్పు పల్చగా. టీలో పాలు. కోడి ముక్క బదులు నాలుగు రోజులు పనసకాయ కూర, రెండు రోజులు పుట్టగొడుగులు.

ఉద్దానం పనస శ్రీకాకుళం బజారుకి వచ్చే రోజుల్లో ఇది నేను తరచుగా చూసే పొరపాటు. మసాలా దట్టించి వండితే పనసకాయ ముక్క పంటికింద మాంసంలాగే పీచుపీచుగా తగులుతుంది. నాలుక ఒప్పుకుంటుంది, ఒంటికి మాత్రం అది కూరగాయే. వంద గ్రాముల కోడి మాంసంలో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటే, పనసకాయలో రెండు గ్రాముల దరిదాపు, పుట్టగొడుగుల్లో మూడు. పనస తినొద్దని కాదు. కోడి ఖాళీ చేసిన చోట పనస కూర్చోలేదు, అక్కడ కూర్చోవాల్సింది పప్పుదినుసులు.

కూడి చూస్తే ఆవిడకి రోజుకి సుమారు 40 గ్రాముల మాంసకృత్తులు అందుతున్నాయి. కిలో బరువుకి 0.83 గ్రాములు అనేది మన ఐసీఎంఆర్ చెప్పిన కొలత, అంటే ఈవిడకి 48 గ్రాములు. మరి ఇదివరకు? కోడి వండిన రోజు 65 దాటేది, వండని రోజు 40. కోడి రోజులు వండని రోజుల లోటు పూడ్చేవి. అసలు రోగం ఎప్పుడూ కోడి వండని రోజు పళ్లెంలోనే ఉంది. మన ఇళ్లలో మాంసం లేని రోజు అంటే పేదరికపు పళ్లెం అని ఒక అలవాటు పాతుకుపోయింది: కుంచెడు అన్నం, నీళ్ల చారు, పచ్చడి. ఆ పళ్లెం బాగుపడకుండా మాంసం తగ్గించమని ఎవరికీ చెప్పను.

లెక్క

రెండో విడత భర్తని, కొడుకుని కూడా రమ్మన్నాను. ఇంట్లో ఐదుగురు: ఆవిడ, భర్త, అత్తగారు, పైడిభీమవరంలో ఫార్మా కంపెనీకి వెళ్లే కొడుకు, కోడలు. ఆవిడ బాధ చూసి వాళ్లు కూడా తగ్గిద్దామనుకున్నారు. "వేట మానేశాం కదా మేడమ్, మాంసం తగ్గినట్టే కదా" అన్నారు భర్త. నెలకి రెండుసార్లు వండే వేట మానేసి, వారానికి మూడోసారి కూడా కోడి తెస్తున్నారు.

కాగితం తీసి వేసి చూపించాను. నెలకి ఇంటికి వస్తున్న కోడి మాంసం 12 కిలోలు. రెండు కిలోల కోడి కోసి తోలు తీస్తే 1.3 కిలోల దాకా వస్తుంది. నెలకి తొమ్మిది పైచిలుకు కోళ్లు, ఏడాదికి 110. ఒక మేకపోతు నుంచి పది పన్నెండు కిలోల మాంసం వస్తుంది. నెలకి కిలో తెచ్చుకునే ఇంటికి ఏడాదికి ఒక మేక.

మా ఊళ్లలో మేక బతుకు ఎలాంటిదో మీకు తెలుసు. మెట్ట మీద తిరుగుతుంది, తుమ్మకాయలు ఏరుకుంటుంది, తల్లి వెనక నడుస్తుంది, గట్టు దాటుతుంది. బ్రాయిలర్‌కి ఒక చదరపు అడుగు చోటు, నలభై రోజుల ఆయుష్షు. వేట మానేసి కోడి ఎక్కువ తింటే కొలెస్ట్రాల్ లెక్క బాగుంటుంది, ప్రాణాల లెక్క, వాటి బాధ లెక్క ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఏ బాధ చూడలేక ఈవిడ అన్నం ముందు నుంచి లేచిపోయారో ఆ బాధే ఆ ఇంట్లోకి ఇంకా ఎక్కువగా వస్తోంది.

భర్త చాలాసేపు ఆ కాగితం చూశారు. "నూట పది" అని మళ్లీ చదివారు. నిర్ణయం అక్కడ జరిగింది. తగ్గించాల్సింది మొదట కోడి.

చేపల సంగతి ఆవిడే అడిగారు. పళ్లెం నిండా నెత్తళ్లు వండితే ప్రాణాల లెక్కలో అవి వందలు. నేను నిజం చెప్పాను: సంఖ్య చూస్తే ఎక్కువే, కానీ అవి పట్టుబడేదాకా సముద్రంలో తిరిగినవి. ఏ లెక్క ముఖ్యమో మీ మనసే చెప్పాలి అన్నాను. ఆవిడ ఆలోచించి, పది రోజులకోసారి చేప ఉంచుకుంటానన్నారు. బీ12 కోణంలో నాకూ అది నచ్చింది.

షెడ్డులో

జులైలో వాళ్ల తమ్ముడి షెడ్డుకి నేనూ వెళ్లాను. చూడకుండా సలహా చెప్పడం నాకు ఇష్టం లేదు. పశువైద్యం చదువుకున్న ఒక కుర్ర డాక్టరు తోడొచ్చాడు. కొత్త బ్యాచ్, 30 రోజులు.

తలుపు దగ్గరే కళ్లు మండాయి. ఊక తడిసి రెట్టతో కలిస్తే వచ్చే అమోనియా అది. తమ్ముడు సిగ్గుపడి, నిన్న వాన జల్లు పడింది, రేపు ఊక తిరగేస్తాను అన్నాడు. మంచి మనిషి, చాకిరీ చేస్తాడు. అప్పు మీద షెడ్డు కట్టాడు. ఎన్ని పిల్లలు దించాలో, ఏ జాతి దించాలో, ఎప్పుడు ఎత్తాలో అతని చేతిలో లేదు. మేనెలలో పోయిన కోళ్ల నష్టం మాత్రం అతని కూలిలోంచి పోయింది. ఈ విషయంలో రైతుని దోషిగా నిలబెట్టే మాటలు విన్నప్పుడల్లా నాకు అతని ముఖం గుర్తొస్తుంది.

ఒక కోడి నీళ్ల నిపుల్‌కి రెండడుగుల దూరంలో కూర్చుని ఉంది. లేవబోయింది. ముందుకి ఒరిగి, ఎదురొమ్ము ఊకకి ఆనించి, రెక్క నేలకి ఊతం పెట్టి ఇంకోసారి చూసింది. లేవలేదు. డాక్టరు దాన్ని ఎత్తి వెనక్కి తిప్పి చూపించాడు. కాలి మడమ దగ్గర చర్మం గోధుమరంగులో కమిలిపోయి ఉంది, పొట్ట కింద ఈకలు లేవు, తాకితే వేడిగా ఉంది. "ఎదురొమ్ము కోసం పెంచిన జాతి. ఒళ్లు పెరిగినంత జోరుగా కాలు పెరగదు" అన్నాడు. దాన్ని నీళ్ల దగ్గర పెట్టాడు. తాగింది. చాలాసేపు తాగింది.

ఆ వేగం ఎంతో చెప్పడానికి ఒక పోలిక ఉంది. కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు పాత జాతుల్ని, కొత్త జాతిని ఒకే మేతతో పెంచి 2014లో ప్రచురించారు. 56 రోజులకి 1957 నాటి రకం 900 గ్రాములు తూగింది. 2005 నాటి రకం 4.2 కిలోలు. మేత ఒకటే కాబట్టి తేడా జాతిలోనే ఉంది. హార్మోన్ సూదులు వేస్తారని ఊళ్లలో అనుకుంటారు, పేషెంట్లు నన్ను అడుగుతారు. ఇన్నేళ్లుగా ఏరి ఏరి కలిపిన జాతే ఆ బరువు తెచ్చుకుంటుంది. మందుల విషయం వేరే. మనుషులకి చివరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని కోళ్లకి వాడుతుంటే 2019లో కేంద్రం ఆపాల్సి వచ్చింది.

చట్టం లేదా అని కొడుకు అడిగాడు. ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్, కదలడానికి చాలినంత చోటు లేని పంజరంలో జంతువుని ఉంచడం నేరమంటుంది. 2001 కబేళా నియమాలు ఒక జంతువు కళ్లెదుట ఇంకోదాన్ని కోయకూడదంటాయి. గుడ్ల కోళ్ల పంజరాల మీద, బ్రాయిలర్ల మీద లా కమిషన్ 2017లో తన 269వ నివేదిక ఇచ్చింది. అయినా మీ ఊరి సెంటర్లో చికెన్ కొట్టు ముందు పది నిమిషాలు నిలబడండి, బోనులో కోళ్లు ఏం చూస్తూ ఉంటాయో తెలుస్తుంది.

పళ్లెం మార్చిన తీరు

2024 మేలోనే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పుదినుసులు, 300 మిల్లీలీటర్ల పాలు, 35 గ్రాముల గింజలు అనేది అందులో ఒక పెద్దమనిషి పళ్లెం. దాన్ని మా ప్రాంతపు తిండిలోకి మార్చడమే నేను చేసింది.

బియ్యం 350 నుంచి 250కి దించాం. కందిపప్పు గట్టిగా, గరిటె జారకుండా ఉండాలన్నాను. పెసలు, ఉలవలు, అనపగింజలు, బొబ్బర్లు వంతులవారీగా రోజుకి గుప్పెడు. పెసలు, మినుములు వరి కోశాక మన మడుల్లోనే చల్లుతాం, కొనాల్సిన పనే లేదు. సాయంత్రం వేరుశనగలు, నువ్వుల పొడి. రెండు పూటలా పెరుగు. ఇదంతా కలిపితే 55 గ్రాములు దాటింది.

ఉలవల దగ్గర అత్తగారు అడ్డం తిరిగారు. వేడి చేస్తాయి, కడుపుబ్బరం అన్నారు. పెద్దావిడ మాట కొట్టేయలేదు. రాత్రి నానబెట్టి, పొద్దున్న ఆ నీళ్లు పారబోసి, తడిగుడ్డలో కట్టి మరునాటికి చిన్న మొలక రానివ్వమన్నాను. మొలకెత్తితే ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు తగ్గుతాయి, గ్యాసూ తగ్గుతుంది. మొలకల్ని ఉడికించి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపు, దించాక నిమ్మకాయ పిండి. నిమ్మ రుచికే కాదు, పప్పుల్లో ఉన్న ఇనుముని అదే లోపలికి తీసుకెళ్తుంది. అన్నం తిన్న వెంటనే తాగే టీ మాన్పించడానికి నెల పట్టింది, గంటన్నర ఎడం పెట్టించాను. హిమోగ్లోబిన్ పెరగడంలో ఆ టీ వాటా చిన్నది కాదని నా నమ్మకం.

చోళ్ల (రాగుల) సంగతి ఒకటి చెప్పాలి. షుగరుకి మందని చోడి పిండి మూడు పూటలా తాగేవాళ్లు పెరిగారు. చోళ్లు మంచివే, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది. అయినా అదీ పిండిపదార్థమే, చక్కెర పెంచుతుంది. పొద్దున్న ఒక గ్లాసు అంబలి, అందులో మజ్జిగ, పక్కన గుగ్గిళ్లు. అంతవరకే.

నేను తప్పిన చోటు

మూడో వారం, పదకొండు గంటల వేళ ఆవిడ పొలం గట్టు మీద కూలబడ్డారు. చెమటలు, వణుకు. మరదలు నోట్లో బెల్లం పెట్టింది. ఆశా కార్యకర్త వచ్చి చూస్తే చక్కెర 64కి పడిపోయి ఉంది.

పొద్దున్న గ్లిమిపిరైడ్ వేసుకుని, అన్నం బదులు చిన్న గ్లాసుడు అంబలి తాగి వెళ్లారు. అన్నం తగ్గిస్తే ఆ మాత్ర మోతాదు కూడా చూడాలని నాకు తెలుసు. వైద్యులకి బీ12 గురించి ఫోన్ చేసినప్పుడే తిండి మారుస్తున్నానని చెప్పాల్సింది, చెప్పలేదు. పొలంలో ఒంటరిగా ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ సాయంత్రమే వైద్యులతో మాట్లాడాను, ఆయన గ్లిమిపిరైడ్ ఆపేశారు. చక్కెర మందులు వాడేవాళ్ల పళ్లెం మార్చే ముందు మందులు రాసిన డాక్టరుకి చెప్పడం ఇప్పుడు నా షీటులో మొదటి గడి.

ఇంట్లో వాళ్ల స్పందన మీరు ఊహించగలరు. "కోడి మానేసింది కాబట్టే పడిపోయింది" అన్నారు. అత్తగారు ఆ రాత్రే కోడి కూర వండించారు. ఆవిడ ముట్టలేదు. మరుసటి రోజు నేను ఊరికి వెళ్లి, గ్లూకోమీటరు ముందు పెట్టుకుని, తప్పు నాదని పెద్దావిడకి చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నీకూ తెలీలేదేటమ్మా" అన్నారు. ఆ తర్వాత ఉలవలకి కూడా అడ్డు చెప్పలేదు.

కార్తీకం, కనుమ

ఇంటివాళ్లకి కోడి ఒక్కసారిగా మాన్పించడం నా ఉద్దేశం కాదు. వారానికి మూడుసార్ల నుంచి ఒకసారికి తెచ్చాం, అక్కడ మూడు నెలలు ఆగాం. నవంబరులో కార్తీకమాసం వచ్చింది. ఏటా ఆ నెల నీచు మానేసే ఇల్లే. ఇదివరకు నెలంతా నీరసంగా ఈడ్చి, పోలి పాడ్యమి దాటగానే కిలోలు కిలోలు తెచ్చేవాళ్లు. ఈసారి పప్పుల పళ్లెంతో నెల గడిచాక కొడుకు అన్నాడట, ఆకలే తెలియలేదమ్మా అని. నెల తర్వాత పదిహేను రోజులకోసారి కిలో చాలన్నది వాళ్లే. ఊరికే మాన్పించలేని అలవాటుని మన పంచాంగంలో ముందే ఉన్న నెల మాన్పించింది. ఇప్పుడు ఎవరొచ్చినా కార్తీకం ఎంత దూరంలో ఉందో చూసుకుంటాను. అరసవల్లి మొక్కుతో ఆదివారం ముట్టనివాళ్లకి ఆ ఆదివారమే మొదటి మెట్టు.

గుడ్లకి ఆవిడ పెరట్లోనే దారి దొరికింది. బజారు గుడ్డు పెట్టే కోడి పంజరంలో రెక్క చాపలేదని తెలిశాక ఆవిడకి అదీ సయించలేదు. పశువైద్య కుర్రాడు చెబితే ఎనిమిది గ్రామప్రియ పిల్లల్ని తెచ్చారు. హైదరాబాద్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకం అది. ముంగిస ఒకదాన్ని పట్టుకుపోయింది. ఏడు మిగిలాయి, జనవరికి గుడ్లు మొదలయ్యాయి. వాటిని కోయనని ఆవిడ ముందే చెప్పేశారు.

కనుమ నాడు అసలు పరీక్ష. కూతురు, అల్లుడు వచ్చారు. అల్లుడొస్తే కోడి కొయ్యకపోతే వియ్యాలవారి దగ్గర మాటొస్తుంది. ఆవిడ ఫోన్ చేసి అడిగారు. ఆ మర్యాదని కాదనే హక్కు నాకు లేదు. ఊళ్లో తిరిగిన నాటుకోడి ఒకటి చాలదా, మిగతాది గారెలు, పప్పు, పనసపొట్టు ఆవపెట్టి చేయండి అన్నాను. అలాగే చేశారు. అల్లుడికి ఆవిడే వడ్డించారు, తాను పక్కన కూర్చుని గారెలు తిన్నారు. అతను ఏమీ అనలేదు, రెండోసారి పనసపొట్టే వేయించుకున్నాడట.

2025 ఫిబ్రవరి

ఆ నెల గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలింది. లక్షల కోళ్లు పోయాయి, రోగం సోకిన ఫారాల్లో మిగిలినవాటిని చంపి పూడ్చారు. శ్రీకాకుళంలో కూడా చికెన్ కొట్లు వెలవెలబోయాయి. ఊళ్లో అందరూ మానేశారు. ఆవిడని "నీకు ముందే తెలిసిపోయిందేటే" అని అడిగారట. బాగా ఉడికిస్తే ఆ వైరస్ బతకదని నేను అందరికీ చెబుతూనే ఉన్నాను, భయపెట్టి తగ్గించడం నాకు ఇష్టం లేదు. భయంతో మానేసినవాళ్లు నెల తిరక్కుండా మళ్లీ కొట్టు ముందు నిలబడ్డారు.

ఆవిడ మాత్రం టీవీలో జేసీబీతో పూడ్చడం చూసి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నేను చూసిన చివరి విడతలో ఎక్కువసేపు మాట్లాడింది దాని గురించే.

అప్పటి రిపోర్టులు: బీ12 460, తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి. హిమోగ్లోబిన్ 11.9. సగటు చక్కెర 6.9, గ్లిమిపిరైడ్ లేకుండానే. చెడ్డ కొలెస్ట్రాల్ 117. బరువు 57, కండ తగ్గలేదు, చేతి పట్టు మొదటి రోజుకంటే గట్టిగా ఉంది. బీ12 మాత్ర మెట్‌ఫార్మిన్ వాడినన్నాళ్లూ కొనసాగాలి. ఇంటికి వచ్చే కోడి నెలకి రెండు కిలోలు, అంటే ఏడాదికి ఒక 18 కోళ్లు. వేట పండగలకే. తమ్ముడు జనరేటర్ కొన్నాడు, ఎండాకాలపు బ్యాచ్‌కి 3,200 పిల్లలే దించమని కంపెనీ సూపర్‌వైజర్‌ని ఒప్పించాడు. అప్పు ఇంకా ఉంది, షెడ్డు నడుస్తోంది.

కోడలికి ఐదో నెల. ఆమె విషయంలో తగ్గింపు మాట నేను ఎత్తలేదు. పెరటి గుడ్డు రోజుకొకటి, వారానికి రెండుసార్లు చేప, ఐరన్ మాత్రలు. నచ్చితే అప్పుడప్పుడూ కోడి కూడా తింటోంది, అత్తగా ఆవిడే వండి పెడుతున్నారు. ఏడో నెలలో హిమోగ్లోబిన్ మళ్లీ చూస్తాం. ఆవిడకి మాత్రం వచ్చే తేదీ మే మూడో వారం వేశాను. ఆ ఎండల్లో తమ్ముడి షెడ్డులో బ్యాచ్ నెల దాటి ఉంటుంది, ఆ రోజుల్లో ఆవిడ తిండి ఎలా ఉంటుందో దగ్గరుండి చూడాలి.